నేరం, శిక్ష, సమాజం: సోషియాలజీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలోనూ పీజీలోనూ ఈ పేపర్ చెప్పేటప్పుడు ఏటా వచ్చే ప్రశ్నలివి. కొన్ని పరీక్ష కోసం అడిగినవి, కొన్ని ఇంట్లో నాన్నతో వాదన గెలవడానికి అడిగినవి. స్టువర్టుపురం దగ్గర ఎక్కువసేపు ఆగాను. ఉద్యోగాల దగ్గర తక్కువ చెప్పాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేరాల గురించి చదవడానికి లా ఉంది, పోలీసు అకాడమీ ఉంది. మధ్యలో సోషియాలజీకి ఏం పని?

ఒక సెల్‌ఫోన్ దొంగతనం కేసు తీసుకోండి. ఏ సెక్షన్ కిందకి వస్తుందో లాయరు చూస్తాడు. ఎవరు తీశారో పోలీసు వెతుకుతాడు. ఆ కుర్రాడి మనసులో ఏముందో సైకాలజిస్టు అడుగుతాడు. మనం అడిగేవి వేరే. ఫోన్ పోయిందని కంప్లయింట్ ఇచ్చిందెవరు, ఎందుకొచ్చిన తలనొప్పి అని ఊరుకున్నదెవరు? స్టేషన్‌కి మొదట ఎవరిని పిలిపించారు? పట్టుబడ్డవాడికి జామీను ఉండే మనిషి దొరికాడా? ఆర్నెల్ల తర్వాత బయటికొస్తే పాత మెకానిక్ షెడ్డు ఓనరు మళ్లీ పనిలోకి రానిచ్చాడా?

ఫోన్ తీసింది ఒక్కడే. కానీ ఆ పనికి నేరమని పేరుపెట్టి, వాడికి నేరస్తుడని పేరుపెట్టే దారిలో పాతిక మంది ఉంటారు. మన చూపు ఆ పాతిక మంది మీద.

నేరమంటే చట్టం తప్పడం. ఇందులో అంత చర్చించడానికేముంది?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. లెక్క చూడండి. 1994లో దుకాణంలో డబ్బు కట్టి కొన్న బ్రాందీ సీసా 1996లో సంచిలో దొరికితే కేసు, 1998లో మళ్లీ సర్కారుకు రాబడి. సీసా అదే, తాగేవాడూ అతడే. మారింది చట్టం. ఆ చట్టం మారింది కూడా ఆడవాళ్లు రోడ్డెక్కడం వల్ల, తర్వాత ఖజానా ఖాళీ అవడం వల్ల.

దీనికి ఎదురు ఉదాహరణ సంక్రాంతికి భీమవరం వైపు వెళ్తే కనిపిస్తుంది. కోడిపందేలు జంతుహింస చట్టం ప్రకారమూ తప్పే, జూద నిరోధక చట్టం ప్రకారమూ తప్పే. అయినా షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, పార్కింగ్ ఏర్పాట్లు, వీఐపీ గ్యాలరీలు! అమెరికా నుంచి వచ్చిన అల్లుడిని మామగారే వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. ఎవరూ తల దించుకోరు. అదే మామూలు రోజున చెరువు గట్టు మీద పేకాడుతూ దొరికిన నలుగురు కూలీల ఫొటో, ముందు పేక ముక్కలు పరిచి మరీ, పేపర్లో వస్తుంది.

కట్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. 1961 నుంచి నేరం. ఇవ్వని పెళ్లిళ్లు మీ బంధువుల్లో ఎన్ని జరిగాయో మీరే లెక్కపెట్టుకోండి.

కాబట్టి చట్టం తప్పడం, జనం దృష్టిలో తప్పు చేయడం, శిక్ష పడటం... ఈ మూడూ వేర్వేరు. ఒక్కోసారి కలుస్తాయి. ఎప్పుడు కలుస్తాయి, ఎప్పుడు కలవవు అన్నదే ఈ పేపర్లో సగం.

నేరం సమాజానికి సహజమని దుర్ఖైమ్ అన్నాడట. అంటే మంచిదనా?

మంచిదని ఆ ఫ్రెంచ్ సోషియాలజిస్టు అనలేదు. నేరం లేని సమాజం ఎక్కడా లేదన్నాడు. అందరూ మహాత్ములే ఉన్న ఆశ్రమాన్ని ఊహించుకోండి, అక్కడ మనం పట్టించుకోని చిన్న పొరపాటే పెద్ద అపచారమవుతుంది అంటాడు. మన ఇళ్లల్లోనే చూడొచ్చు. పెళ్లి భోజనాల్లో ఎడమచేత్తో వడ్డిస్తే కొందరికి అది నేరం కిందే లెక్క.

1890ల్లో ఆయన చెప్పిన ఇంకో మాట ఇంతకంటే పదునైనది. శిక్ష ప్రధానంగా నేరస్తుడి కోసం కాదు, నేరం చేయని వాళ్ల కోసం అన్నాడు. మనమంతా ఒకే వైపు ఉన్నామని, మన కట్టుబాటు ఇంకా బతికే ఉందని మనకు మనం చెప్పుకోవడానికి ఎవరినో ఒకరిని శిక్షిస్తాం. ఇది పుస్తకాల్లో మాటలా అనిపిస్తే 2019 డిసెంబరు 6 ఉదయాన్ని గుర్తు తెచ్చుకోండి. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని తమ మీద కాల్చారని పోలీసులు చెప్పారు. వంతెన మీద గుమిగూడిన జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ నలుగురి మీద విచారణ అప్పటికి మొదలు కూడా కాలేదు. వారం రోజులకే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లు పాస్ చేసింది. అది చట్టంగా అమల్లోకి రాలేదు.

సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులు చనిపోవాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అది తేల్చింది. ఆ రోజు పూలు చల్లిన వాళ్లలో ఎంతమంది ఈ నివేదిక గురించి మాట్లాడుకున్నారు? దుర్ఖైమ్ అయితే ఆశ్చర్యపోడు. ఆ ఉదయం వంతెన మీద జరిగింది న్యాయ విచారణ కాదు, ఒక సామూహిక క్రతువు. క్రతువు ముగిశాక జనం ఇళ్లకు వెళ్లిపోతారు.

ఈ ఉదాహరణ చెప్పిన ప్రతి ఏడూ క్లాసులో గొడవే. "మీ ఇంట్లో ఆడపిల్లకు జరిగితే ఇలాగే మాట్లాడతారా?" అని ఎవరో ఒకరు లేచి అడుగుతారు. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని తీసేయమని ఎవరూ అనడం లేదు. ఆ కోపానికి ఒక ఆకారం ఎలా వచ్చింది, పూలు ఎవరి చేతికి ఎక్కడి నుంచి వచ్చాయి అని చూడమంటున్నాం.

పుట్టుకతోనే నేరస్తులు ఉంటారా?

ఇటలీ డాక్టరు లాంబ్రోసో 1876లో ఉంటారనే అన్నాడు. దవడ, నుదురు, చెవులు కొలిచి నేరస్తుణ్ని పోల్చవచ్చన్నాడు. ఆ కొలతలేవీ నిలబడలేదు. మనకు కావలసిన సంగతేమిటంటే, ఆ పుస్తకానికి అయిదేళ్ల ముందే ఇక్కడ ఆంగ్ల ప్రభుత్వం ఏకంగా కులాలకు కులాలనే పుట్టు నేరస్తులుగా రాసిపారేసింది. అదే 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. మన వైపు ‘నేరస్త జాతుల చట్టం’ అంటారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగవుతాడన్నది అప్పటి అధికారుల తర్కం. కులవృత్తి మీద వాళ్లకున్న అరకొర అవగాహన ఒక చట్టమై కూర్చుంది.

మొదట ఉత్తర భారతంలో పెట్టారు. 1911లో కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన దగ్గర బాగా దెబ్బతిన్న వాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. అంతకుముందు వాళ్లేం చేసేవాళ్లో తెలిస్తే కథ తిరగబడుతుంది. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు మోసుకెళ్లి, అటు నుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. బుట్టలల్లేవాళ్లు, ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. రైలు వచ్చి సరుకు రవాణా పట్టుకుపోయింది. సర్కారు ఉప్పు విధానం ఉప్పు వ్యాపారాన్ని దెబ్బకొట్టింది. అడవి చట్టాలు వెదురునీ మేతనీ అడ్డుకున్నాయి. 1876–78 కరువు మిగిలింది ఊడ్చేసింది. బతుకుతెరువు పోయి ఊరూరా తిరుగుతున్న మనుషులు ప్రభుత్వానికి అనుమానాస్పదంగా కనిపించారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఈ వరసంతా రికార్డుల్లోంచి తవ్వి రాశారు. పీజీ వాళ్లు ఆవిడ రాసింది చదవకుండా ఈ అధ్యాయం దాటొద్దు.

1913లో బాపట్ల–చీరాల మధ్య స్టువర్టుపురం పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. తాడేపల్లి దగ్గర సీతానగరంలోనూ, నెల్లూరు జిల్లా కావలి దగ్గరా, కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ ఇలాంటి సెటిల్‌మెంట్లే వచ్చాయి.

సెటిల్‌మెంట్ అంటే జైలు కాదు, ఊరూ కాదు. పేరు రిజిస్టరులో ఉంటుంది. వేలిముద్రలు తీసుకుని ఉంటారు. హాజరు పిలిచినప్పుడు పలకాలి. పక్క ఊళ్లో చెల్లెలి పెళ్లికి వెళ్లాలన్నా చీటీ కావాలి. చీటీ లేకుండా హద్దు దాటితే, అక్కడ ఏమీ దొంగిలించకపోయినా, దాటడమే నేరం. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచే అధికారమూ చట్టం ఇచ్చింది. సంస్కరించడానికని వచ్చినవాళ్లు పనీ చూపించారు. స్టువర్టుపురం వాళ్లు చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా వెళ్లారు. అనుమతి లేకుండా కదలలేని కూలీ దొరకడం కంపెనీకి ఎంత సౌకర్యమో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఒక పిల్లవాణ్ని ఊహించండి. ఊరి పేరు చెప్పగానే స్కూల్లో మేష్టారు జేబు తడుముకుంటాడు. పెద్దయ్యాక రైల్లో పక్కవాడు పెట్టె దగ్గరికి లాక్కుంటాడు. ఎక్కడ దొంగతనం జరిగినా జీపు ముందు వీళ్ల వీధికే వస్తుంది. ఎలాగూ దొంగ అన్నారు కాబట్టి దొంగతనమే చేసినవాళ్లు ఆ ఊళ్లో లేకపోలేదు. సినిమాలు పట్టుకున్నది వాళ్లనే. రెండెకరాల పొలం చేసుకుని, పిల్లల్ని చదివించుకున్న కుటుంబాల మీద సినిమా ఎవరు తీస్తారు? 1970ల నుంచి లవణం, ఆయన భార్య హేమలత ‘సంస్కార్’ సంస్థ ద్వారా అక్కడ చేసిన పని గురించి వెతికి చదవండి. హేమలత మహాకవి జాషువా కుమార్తె.

ఆ చట్టం ఎప్పుడో రద్దయింది కదా సార్, ఇంకా ఎందుకు చెప్పడం?

1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటారు. మద్రాసులో అంతకంటే ముందే, 1947లో తీసేశారు. కానీ తీసేసిన ఏడాదికే అలవాటుపడ్డ నేరస్తుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో ఒకటి వచ్చింది. కులం పేరు పోయింది, రిజిస్టరు పోలేదు.

భాషలోనూ పోలేదు. ‘వాడొక కేడీ’ అంటాం. ఈ కేడీ అనేది ఆంగ్ల అక్షరాల పొడిమాట. పోలీసు స్టేషన్లో పాత దొంగల పేర్లు రాసుకునే రిజిస్టరులోది. స్టేషన్ రికార్డులోంచి నడుచుకుంటూ వచ్చి మన తిట్లలో చేరింది. ‘రౌడీషీటర్’ కూడా అంతే. రౌడీషీటు తెరవడం చట్టసభ చేసిన శాసనం ప్రకారం కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం జరుగుతుంది. కోర్టు శిక్ష వేయకపోయినా షీటు ఉండొచ్చు. ఎన్నికలొస్తే, పండగొస్తే స్టేషన్‌కి వచ్చి కూర్చోవాలి. అద్దెకిచ్చిన ఇంటి ఓనరు చూస్తాడు, కూతుర్ని చూడవచ్చిన పెళ్లివారు వింటారు.

అమెరికా సోషియాలజిస్టు హోవార్డ్ బెకర్ 1963లో చెప్పిన లేబులింగ్ సిద్ధాంతం సారాంశమిదే. పని నేరం కావడమన్నది ఆ పనిలో ఉండదు, జనం దానికి వేసే ముద్రలో ఉంటుంది. ముద్ర పడ్డాక మనిషికి మిగతా దారులు మూసుకుపోతాయి. పరీక్షలో బెకర్ పేరు రాసి, కేడీ ఉదాహరణ ఇవ్వండి. పేపరు దిద్దేవాళ్లకు నిద్ర వదులుతుంది.

పాత ముచ్చటే అనుకుంటే ఇంకొకటి వినండి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ల మీద తీర్పిచ్చింది. కులాన్ని బట్టి ఖైదీలకు ఊడ్చే పని, వంట పని పంచే నిబంధనలనూ, విముక్త జాతులవారిని అలవాటుపడ్డ నేరస్తులుగా చూసే నిబంధనలనూ కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు! ఆ కేసు వేసింది ఒక జర్నలిస్టు, సుకన్య శాంత.

పేదరికమే నేరాలకు కారణమని రాస్తే మార్కులు పడతాయా?

సగం పడతాయి. అమెరికా సోషియాలజిస్టు మెర్టన్ 1938లో చెప్పింది కొంచెం మెలికతో కూడిన మాట. సమాజం అందరికీ ఒకే కల చూపిస్తుంది: ఇల్లు, కారు, ఫారిన్ సంబంధం. ఆ కల దగ్గరకు వెళ్లే దారి మాత్రం అందరికీ ఇవ్వదు. కలకీ దారికీ మధ్య ఉన్న ఆ ఖాళీలో కొందరు అడ్డదారి తొక్కుతారు. అంటే పేదరికం ఒక్కటే చాలదు. పేదరికం నడుమ నిలబెట్టిన హోర్డింగు కూడా కావాలి.

మిగతా సగం మార్కులు సదర్లాండ్ అనే ఇంకో అమెరికా సోషియాలజిస్టు దగ్గరున్నాయి. 1939లో ఆయన తోటి సోషియాలజిస్టుల ముందు ప్రసంగిస్తూ, మీ లెక్కలన్నీ పేదల నేరాల మీదే ఉన్నాయి, సూటు వేసుకున్నవాళ్ల నేరాలు లెక్కలోకే రావడం లేదని గట్టిగా అన్నాడు. వైట్ కాలర్ నేరం అన్న మాట అక్కడిదే.

మనకు సత్యం కంప్యూటర్స్ ఉంది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఒక ఉత్తరం రాసి లెక్కల్లో సుమారు 7,000 కోట్ల తేడా ఉందని తనే ఒప్పుకున్నారు. హైదరాబాదులో ఆ రోజు షేర్లున్న ప్రతి ఇంట్లో టెన్షన్. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనతో కలిపి పదిమందికి ఏడేళ్ల చొప్పున జైలు శిక్ష వేసింది. అప్పీలు మీద దాదాపు నెల రోజులకే బెయిలు వచ్చింది. బెయిలు రావడం తప్పు కాదు, అడిగే హక్కు ఎవరికైనా ఉంది. సెల్‌ఫోన్ కుర్రాడికి అది ఎందుకు రాలేదన్నదే ప్రశ్న.

జైళ్లలో ఉన్నవాళ్లంతా శిక్ష పడ్డవాళ్లే కదా?

కాదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎక్కువమంది నోరెళ్లబెట్టేది ఇక్కడే. 2022 డిసెంబరు చివరి లెక్క ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి దాదాపు 76 మంది. నేరం రుజువు కాకుండానే లోపలున్నవాళ్లు.

మా విద్యార్థుల్ని ఏటా ఒకరోజు మేజిస్ట్రేటు కోర్టుకు తీసుకెళ్తాను. చివరి వరసలో కూర్చుని చూడమంటాను, అంతే. ఒకసారి రిమాండ్ పొడిగింపులు వీడియోలో జరుగుతున్నాయి. గోడ మీద టీవీ. జైలు నుంచి ఒక్కొక్కరు తెరమీదకొస్తారు. పేరు పిలుస్తారు, ‘ఉన్నాను సార్’ అంటారు, తేదీ చెబుతారు, తర్వాతి మనిషి. ఒక్కొక్కరికి అర నిమిషం పట్టడం లేదు. మా వరసలోనే ఒక పెద్దావిడ ఒళ్లో అరటిపళ్ల సంచితో కూర్చుంది. కొడుకుని తీసుకొస్తారనుకుని తెల్లారుజామున బస్సెక్కి వచ్చిందట. తెరమీద కొడుకు కనిపించగానే లేచి నిలబడింది. "నాయనా, తిన్నావా?" అంది. కొడుకు ఇటు చూడలేదు. మా క్లాసు అమ్మాయిని పట్టుకుని, "ఆ టీవీలోకి నా మాట వినపడదా అమ్మా?" అని అడిగింది. బెయిలు ఎప్పుడో వచ్చిందని తర్వాత తెలిసింది. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇంటి పన్ను రసీదులతో. ఆవిడ ఉండేది అద్దె గదిలో.

సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బెయిలు మీద వదలాలి. మిగతావాళ్లకు సగం. ఉరి, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు. జామీను దొరకనివాళ్లకు ఇదీ పూర్తి జవాబు కాదు. డిసర్టేషన్‌కు మంచి టాపిక్ మాత్రం అవుతుంది.

ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కల్ని నమ్మొచ్చా?

నమ్మండి, కానీ అవి ఏం లెక్కపెడుతున్నాయో తెలుసుకుని నమ్మండి. అవి జరిగిన నేరాల లెక్క కాదు, నమోదైన కేసుల లెక్క. 2022లో దేశంలో 65,893 సైబర్ నేరాల కేసులు నమోదైతే, అందులో 15,297 తెలంగాణవే. ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. తెలంగాణ జనం అంత మోసగాళ్లనా, లేక అంత అమాయకులనా? స్టేషన్లో కేసు కట్టే పద్ధతి, ఫోన్లో డబ్బులు పంపేవాళ్ల సంఖ్య, పోతే ఫిర్యాదు చేయవచ్చని తెలిసినవాళ్ల సంఖ్య... ఇవన్నీ ఆ అంకెలో కలిసిపోయి ఉన్నాయి. కేసులు తక్కువున్న రాష్ట్రాన్ని చూస్తే నాకైతే అనుమానం ఇంకా ఎక్కువ.

ఇంకో కిటుకు. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే లెక్కలోకి అన్నిటికంటే పెద్దదే ఎక్కుతుంది. అత్యాచారం చేసి చంపితే అది హత్యల పట్టికలోకి వెళ్తుంది. పట్టికలు పక్కపక్కన పెట్టి వ్యాసం రాసేముందు ఇది గుర్తుంచుకోండి.

శిక్షలు కాలంతో మారతాయని చెప్పడానికి ఫూకో ఒక్కడే దిక్కా?

ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకోను చదవండి. 1757లో పారిస్‌లో ఒక మనిషిని నడివీధిలో చిత్రవధ చేసిన వర్ణనతో పుస్తకం మొదలుపెట్టి, ఎనభై ఏళ్ల తర్వాతి ఒక జైలు టైమ్‌టేబుల్ పక్కనే పెడతాడు. ఒంటిని హింసించడం పోయి, గంటగంటకూ మనిషిని తీర్చిదిద్దడం వచ్చిందంటాడు. స్టువర్టుపురం హాజరు పట్టీని ఆ టైమ్‌టేబుల్ పక్కన పెట్టి చూడండి.

మన ఊళ్లోనూ చూసేందుకు చాలా ఉంది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 1న, ఆదిలాబాద్ రైతు యోధులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడున్నది గాంధీ ఆస్పత్రి. ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు? వరంగల్ సెంట్రల్ జైలునూ 2021లో కూల్చి ఆస్పత్రి కట్టడం మొదలుపెట్టారు. సంగారెడ్డిలో 1796 నాటి జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండనిచ్చారు. యూనిఫాం, చాప, జైలు భోజనం అన్నీ ఇచ్చి! అసలు ఖైదీ బయటికి రావడానికి డబ్బుల్లేక లోపలుంటే, సరదా ఖైదీ డబ్బు కట్టి లోపలికెళ్లాడు. ఇంతకంటే మంచి సెమినార్ పేపరు నాకు తట్టడం లేదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో మొదటిసారి సమాజ సేవను శిక్షగా చేర్చారు. తాగి నలుగురిలో అల్లరి చేయడం, 5,000 రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి తిరిగిచ్చేయడం లాంటి చిన్న నేరాలకు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ప్లకార్డు పట్టుకుని నిలబడ్డవాళ్ల ఫొటోలు పేపర్లలో చూస్తే, ఇది సేవా, నలుగురిలో నిలబెట్టి సిగ్గుపరచడమా అని అడగాల్సిందే.

ఉరిశిక్ష మీద సోషియాలజీ వైఖరేమిటి?

సబ్జెక్టుకు వైఖరి ఉండదు, మాస్టారికి ఉంటుంది. నాది వ్యతిరేకం. అది పక్కనపెట్టి చిలకలూరిపేట కేసు చదవండి. 1993 మార్చిలో బస్సు దోచుకోబోయి పెట్రోలు పోసి తగలబెడితే 23 మంది కాలి చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తోసిపుచ్చారు. 1997 మార్చిలో ఉరి రేపనగా సుప్రీంకోర్టు ఆపింది. రచయితలూ పౌరహక్కులవాళ్లూ దేశమంతా కదిలారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. సాక్ష్యం మారలేదు, చనిపోయినవాళ్లు తిరిగిరాలేదు. మారింది రాష్ట్రపతి, మారింది బయటి చర్చ. ఒక మనిషి ప్రాణం ఎన్ని సామాజిక దారాల మీద వేలాడుతుందో ఇంత స్పష్టంగా చూపించే కేసు ఇంకొకటి దొరకదు.

మీరెప్పుడూ నేరస్తుల వైపే మాట్లాడతారు. బాధితుల సంగతేంటి?

న్యాయమైన ప్రశ్న, ఈ సబ్జెక్టు చాలాకాలం మర్చిపోయిన ప్రశ్న.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. 1985 కారంచేడు దళిత హత్యల గాయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే ఇది జరిగింది. బాధితులు పట్టుపట్టి సాధించిన వాటిలో ఒకటి, విచారణ తమ ఊళ్లోనే జరగడం. ప్రత్యేక కోర్టు చుండూరుకే వచ్చింది. ఎందుకంత పట్టుదల? పట్నం కోర్టుకు తిరగడానికి కూలి పోతుంది, బస్సుచార్జీలవుతాయి, దారిలో బెదిరింపులు ఉంటాయి. కానీ అంతకుమించి ఇంకోటుంది. తమను తరిమి చంపిన పొలాల పక్కనే, ఆ పెద్దమనుషుల పేర్లు బంట్రోతు గట్టిగా పిలుస్తుంటే వినడం. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. నేరం జరిగిందనడంలో సందేహం లేదు, శవాలున్నాయి. చేసినవాళ్లు మాత్రం ఆ తీర్పు ప్రకారం ఎవరూ లేరు.

ఇప్పుడు స్టువర్టుపురం పక్కన చుండూరును పెట్టండి. రెండూ ఒకే ప్రాంతం, మధ్య దూరం గట్టిగా గంట ప్రయాణం. ఒకచోట నేరం చేయకముందే ఊరు ఊరంతా నేరస్తులు. ఇంకోచోట ఎనిమిది హత్యలకు నేరస్తుడే లేడు.

కుల పంచాయతీలు, వెలివేతలు కూడా ఇందులోకి వస్తాయా?

వస్తాయి. ఊళ్లో ‘తప్పు కట్టాడు’ అంటారు, అంటే జరిమానా కట్టాడని. చేసిందీ తప్పే, కట్టిందీ తప్పే. తెలుగు ఎంత పొదుపైన భాషో చూడండి! ‘దండుగ’ అంటే అసలు జరిమానా. ఇవాళ వృథా అనే అర్థంలో వాడుతున్నాం. జరిమానా కట్టిన ఎవరో కసికొద్దీ మార్చి ఉంటారు. ‘ముద్దాయి’ మరీ విచిత్రం. అరబ్బీలో దావా వేసినవాడు, తెలుగులోకొచ్చేసరికి దావాలో ఇరుక్కున్నవాడు.

వెలివేత మాత్రం నవ్వులాట కాదు. జైల్లో అన్నమైనా పెడతారు. వెలిపడ్డ ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, శవం మోయడానికి రారు. దీనిమీద తెలుగులో ఫీల్డ్ వర్క్ చాలా తక్కువ జరిగింది.

ప్రాజెక్టుకు జైలుకు వెళ్లనిస్తారా?

జైళ్ల శాఖ అనుమతి కావాలి, నెలలు పట్టొచ్చు. డిగ్రీ ప్రాజెక్టుకు అంత అవసరం లేదు. కోర్టు హాళ్లు అందరికీ తెరిచే ఉంటాయి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో ఏ కేసు ఎన్ని వాయిదాలు పడిందో చూడొచ్చు. మీ ఊరి పేపరు నెల రోజులది తీసుకుని, నిందితుల ఫొటో ఎవరిది వేశారు, ఎవరి పేరు ముందు ‘గారు’ పెట్టారు అని లెక్కపెట్టండి. ఎవరితోనైనా మాట్లాడితే అసలు పేరు రాయకండి. ఇంకా నడుస్తున్న కేసు గురించి అడగకండి. మీ నోట్స్‌బుక్కు రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

ఎక్కడ చదవాలి, ఉద్యోగాలుంటాయా?

సోషియాలజీ పీజీకి ఉస్మానియా, ఆంధ్రా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలున్నాయి. నేరశాస్త్రమే కావాలంటే మద్రాసు యూనివర్సిటీ, ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్). యూజీసీ నెట్‌లో క్రిమినాలజీకి విడిగా పేపరుంది. ప్రొబేషన్ ఆఫీసర్లు, బాలల సంరక్షణ విభాగాలు, న్యాయసేవా సంస్థలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన... ఇవీ దారులు. జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చకండి. మీ నాన్నగారు పోలుస్తారు, అది వేరే సంగతి.